కాగితం చనిపోయాడంటోంది, కూతురు కాదంటోంది

ప్రశ్న: నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట ఊరి నుంచి ఒకామె రాసిన పొడవాటి ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె పెళ్లై పదహారేళ్లు. కూతురు తొమ్మిదో తరగతి. జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొస్తున్నారు. భర్త అయిదేళ్ల కిందట ఖాదిం వీసా (ఇంటిపనివాళ్ల వీసా) మీద ఇంటి డ్రైవరుగా కువైట్ వెళ్లాడు. రెండేళ్లకి కఫీల్‌తో (వీసా ఇచ్చిన యజమానితో) పడక బయటికొచ్చేసి, ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాల్లేకుండా, దొరికిన పని చేసుకుంటున్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఊరికి రాలేదు. వారానికోసారి వచ్చే ఫోను నెలకోసారైంది, తర్వాత అదీ ఆగిపోయింది. ఏడు నెలల కిందట మరిది ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, అన్న రోడ్డు ప్రమాదంలో పోయాడనీ, శరీరం చూసే స్థితిలో లేకపోతే అక్కడే పూడ్చేశారనీ చెప్పాడు. పెద్దకర్మ జరిపించారు. ఆమె తాళి తీసి బియ్యం డబ్బాలో పెట్టుకున్నారు. అత్తగారు మాత్రం ఆ రోజు కూడా పెద్దగా ఏడవలేదట.

నెల తిరక్కముందే మరిది బీమా క్లెయిము ఫారం తెచ్చాడు. 50 లక్షల టర్మ్ పాలసీ, ప్రమాద మరణానికి ఇంకో 25 లక్షల రైడరు (అదనపు బీమా). తీసుకుని మూడేళ్ల నాలుగు నెలలైందట. అలాంటి పాలసీ ఒకటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. నామినీ ఆమే. ప్రీమియం కట్టింది మరిది. కావలిలో ఆమె పేరు మీద కొత్త బ్యాంకు ఖాతా తెరిపించాడు. పాసుబుక్కు, ఏటీఎం కార్డు, ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు, మూడూ అతని దగ్గరే. ఫారం మీద చూపించిన చోటల్లా ఆమె సంతకాలు పెట్టారు.

రెండు నెలల తర్వాత కూతురి ఫోనుకి 965తో మొదలయ్యే నంబరు నుంచి కాల్ వచ్చింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. దగ్గు వినిపించి కట్టయింది. "అది నాన్న దగ్గేనమ్మా" అని పిల్ల ఒట్టేసి చెబుతోంది. ఇప్పుడు బీమా కంపెనీ తరఫున విచారణకి వచ్చే వారం ఒకాయన వస్తున్నాడు. మరిది మాట ఇది: "వదినా, నేను చెప్పిందే చెప్పు, వేరే ఏం మాట్లాడబాకు. మూడేళ్లు దాటిపోయింది, ఇంక ఎవడూ అడిగేదానికి లేదు." కాదంటే పొలంలో వాటా రాదని బెదిరింపు. ఆమె అడుగుతున్నారు: ఆ వచ్చే ఆయనతో ఏం చెప్పాలి? నేను జైలుకి పోతానా? నిజంగానే పోయుంటే పిల్లకి రావాల్సిన డబ్బు నా నోటితో నేనే పోగొట్టుకున్నట్టు కాదా? ఆయనే ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి?

సమాధానం:

అమ్మా,

ఉన్నాడా లేడా అని రెండు దారులే ఉన్నట్టు రాశారు. నాకు నాలుగు కనిపిస్తున్నాయి. ఆయన నిజంగానే ప్రమాదంలో పోయుండొచ్చు, కాగితాలు తెచ్చిన ఏజెంటు మాత్రం అడ్డదారి తొక్కుండొచ్చు. లేదా ఆయన పోయింది నిజమే గానీ గుండెపోటుతోనో, ఇంకోలాగో పోయాడు. అలాగైతే 25 లక్షల రైడరు రాదు గనక కారణం మార్చారు. లేదా బతికే ఉన్నాడు, అన్నదమ్ములిద్దరూ కలిసే చేస్తున్నారు. నాలుగోది మీరు రాయలేదు: ఆయన బతికే ఉన్నాడు, తాను ఇక్కడ చనిపోయినట్టు ఆయనకే తెలియదు.

ఈ నాలుగోదాన్ని కొట్టిపారేయబాకండి. పాలసీ తీసుకుని మూడేళ్ల నాలుగు నెలలు. అప్పటికి ఆయన కువైట్‌లోనే ఉన్నాడు, మధ్యలో రాలేదని మీరే రాశారు. 50 లక్షల టర్మ్ పాలసీకి సాధారణంగా వైద్య పరీక్ష ఉంటుంది, మనిషి ఎదుట కూర్చోవాలి, ఫోటో, వీడియో తీస్తారు. ఆ రోజు రక్తం ఎవరిచ్చారు? కంపెనీ దగ్గర ఆ పరీక్ష తేదీ ఉంటుంది, ఆయన పాస్‌పోర్టులో ముద్రలుంటాయి. రెండూ పక్కపక్కన పెడితే విషయం తేలిపోతుంది. విచారణకి వచ్చే మనిషి మొదట చూసేవాటిలో ఇదొకటి.

ఇక మీరు ఫోటో తీసి పంపిన మరణ పత్రం. కువైట్‌లో ఈ పత్రం ఇచ్చేది అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ. అరబ్బీలో ఉంటుంది. దానిమీద అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన మన ఎంబసీ ముద్ర పడితేనే మన దేశంలో దానికి విలువ. మీరు పంపింది మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది, ఎంబసీ ముద్ర లేదు. ఇంగ్లిష్ అనువాదం విడిగా చేయించుకోవడం మామూలే, కాబట్టి ఆ ఒక్కదానితో దొంగదనలేం. అసలు అరబ్బీ ప్రతి ఎక్కడుందని మరిదిని అడగండి. తెచ్చిస్తే అంకెలు జాగ్రత్తగా చదివించండి: అరబ్బీ అయిదు మన సున్నాలా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క, ఆరు చూడ్డానికి ఏడులా ఉంటుంది. అది తెలియక అసలు పత్రాన్నే దొంగదనుకున్నవాళ్లూ ఉన్నారు.

బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు మాత్రం నన్ను ఆపేసింది. కువైట్ బతాకా మీద 12 అంకెలుంటాయి. మొదటి అంకె 2 అయితే 2000కి ముందు పుట్టినవాళ్లు, 3 అయితే 2000లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్లు. తర్వాతి ఆరంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. ఉదాహరణకి 1986 జూన్ 9న పుట్టినాయన నంబరు 2860609తో మొదలవుతుంది. మీరు పంపిన కాగితంలో నంబరు 3తో మొదలైంది. పదహారేళ్ల కిందట మిమ్మల్ని పెళ్లి చేసుకున్న మనిషి 2000 తర్వాత పుట్టే అవకాశం లేదు. టైపులో తప్పు పడిందనుకుందామంటే తర్వాతి అంకెలు కూడా మీరు రాసిన పుట్టినతేదీకి సరిపోవడం లేదు. ఇంకోటి, పేరు. గల్ఫ్‌లో ప్రతి కాగితమూ పాస్‌పోర్టు చూసి రాస్తారు, ఇంటిపేరు పూర్తిగా వస్తుంది. ఇందులో ఇంటిపేరుకి రెండు పొడి అక్షరాలే ఉన్నాయి, అచ్చం పాలసీ బాండు మీద ఉన్నట్టు. పాలసీ చూసి తయారుచేసిన కాగితం అలా ఉంటుంది.

పత్రంలో ఉన్నవాటికంటే, మీ దగ్గరికి రావాల్సి ఉండీ రానివి ఎక్కువ చెబుతాయి. విదేశంలో మన మనిషి పోతే, శవాన్ని పంపాలన్నా అక్కడే పూడ్చాలన్నా ఎంబసీ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అక్కడే పూడ్చేటట్టయితే దగ్గరి బంధువుల సమ్మతి అడుగుతారు, నోటరీ చేయించి పంపాలి. భార్యగా మీరు అలాంటి సంతకం పెట్టారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. పాస్‌పోర్టుని ఎంబసీ రద్దు చేసి ఇంటికి పంపుతుంది. అది వచ్చిందా? మరణాన్ని ఎంబసీ తన రిజిస్టర్‌లో ఎక్కించుకుని పత్రం ఇస్తుంది; జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం ఆ నమోదు ఇక్కడ చేసినదానితో సమానం. విదేశంలో జరిగిన మరణాన్ని మన పంచాయతీ కార్యదర్శి నమోదు చేయకూడదు. "ఇక్కడే సచివాలయంలో ఒక సర్టిఫికెట్ తీయిద్దాం" అని మరిది అంటే దానికి మీ ఆధార్ ఇవ్వబాకండి.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూడండి. రోడ్డు ప్రమాదంలో పోతే కువైట్‌లో ట్రాఫిక్ పోలీసుల రిపోర్టు ఉంటుంది, తప్పు అవతలి బండిదైతే కుటుంబానికి దియా (ప్రాణనష్టానికి పరిహారం) సొమ్ము రావాలి. దానికోసం వారసులంతా పవర్ ఆఫ్ అటార్నీ రాసి ముద్రలు వేయించి అక్కడికి పంపాలి. ఇక్కడి బీమా కోసం నెలలోపే ఫారం తెచ్చిన మనిషి, అక్కడ రావాల్సిన సొమ్ము గురించి ఏడు నెలలుగా ఒక్క మాటా ఎత్తలేదు. నిజంగా మనిషి పోయిన ఇళ్లలో మొదటి పరుగు కువైట్ వైపే ఉంటుంది.

ఇంత చెప్పినా, ఆయన బతికే ఉన్నాడని నేను తేల్చి చెప్పలేను. ఖల్లివల్లిగా ఉన్నవాళ్లు వేరొకరి బతాకా జేబులో పెట్టుకుని తిరగడం కద్దు. అలాంటి మనిషి పోతే పేరు తారుమారై కాగితాలు నెలల తరబడి తేలవు. కాబట్టి తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, మరిది అంతకన్నా కాదు. ఎంబసీ.

ఇదెలా చేయాలో చెబుతాను. ఆయన పాస్‌పోర్టు జిరాక్సు, పాత బతాకా ఫోటో ఏదైనా వాట్సాప్‌లో పంపి ఉంటే అది, వెళ్లేటప్పుడు ఇచ్చిన ఈమైగ్రేట్ కాగితం (విదేశంలో పనికి మన ప్రభుత్వ అనుమతి) వెతకండి. ఆ కాగితం మీద కఫీల్ పేరుంటుంది. పెళ్లి నాటి రుజువు, మీ ఆధార్ జతచేసి కువైట్‌లోని మన ఎంబసీకి ఈమెయిల్ పెట్టించండి. ఏమైందో వివరంగా చెప్పమని అడిగితే తిరుగుజవాబు ఆలస్యమవుతుంది. అవును, కాదు అని చెప్పగలిగేవి అడగండి: ఈ పాస్‌పోర్టు నంబరుతో మరణం నమోదైందా? పూడ్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం ఇచ్చారా? పాస్‌పోర్టు రద్దయిందా? ఈ పేరున ఔట్‌పాస్ (ఇంటికి తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే తాత్కాలిక కాగితం) ఇచ్చారా? చివరిది ఎందుకంటే, 2024లో కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు చాలామంది ఖల్లివల్లీలు ఔట్‌పాస్ మీద బయటపడ్డారు. ఏడు నెలల కిందట పోయాడంటున్న మనిషి అంతకుముందే కువైట్ వదిలేసి ఉంటే కథ అక్కడే ముగుస్తుంది. ఇదే ఫిర్యాదుని విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో కూడా ఎక్కించండి, నంబరు వస్తుంది, అది దాచుకోండి. ఈ పని మీ ఒక్కరివల్ల కాకపోతే ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్టీ సొసైటీ వాళ్లు చేసిపెడతారు. ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

ఇప్పుడు మరిది చెప్పిన మూడేళ్ల మాట. దానికి ఆధారం ఉంది, అందుకే అది ప్రమాదకరం. బీమా చట్టం 1938లో 45వ సెక్షన్ ఉంది. 2015 సవరణ తర్వాత, పాలసీ మొదలైన నాటినుంచి మూడేళ్లు దాటితే, ప్రతిపాదన ఫారంలో అబద్ధం చెప్పారనో, జబ్బు దాచారనో పాలసీని ప్రశ్నించడానికి లేదు. అంతవరకే. మనిషి చనిపోయాడా అన్న ప్రశ్నకి ఆ సెక్షన్ అడ్డం రాదు. మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లు దాటిన పాలసీకైనా మరణం రుజువు చూపాల్సిందే. పాలసీలు చేయించే కొందరు ఏజెంట్లు ఈ సెక్షన్‌ని సగం చెప్పి వదిలేస్తారు. మూడేళ్ల నాలుగో నెలలో క్లెయిము రావడం, అందులోనూ విదేశంలో, శవం లేకుండా, ప్రమాద రైడరుతో... కంపెనీలో ఫైలు చూసినవాడికి అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

విచారణ రెండు కొసల నుంచి నడుస్తుంది. అక్కడ ఒక మనిషి పత్రంలో రాసిన ఆసుపత్రికి వెళ్లి రిజిస్టర్ నంబరు చూస్తాడు, ట్రాఫిక్ పోలీసుల దగ్గర కేసు వాకబు చేస్తాడు, ఎక్కడ పూడ్చారో అడుగుతాడు. ఇక్కడ ఒకాయన మీ ఊరొస్తాడు. మీ ఇంటికి నేరుగా రాడు. ముందు టీ బంకు దగ్గర, రేషన్ డీలరు దగ్గర, వీఆర్వో దగ్గర, అంగన్‌వాడీ ఆయమ్మ దగ్గర ఆగి వస్తాడు. మిమ్మల్ని అడిగేవి చిన్న చిన్నవే: కబురు ఎవరు తెచ్చారు, ఏ రోజు, ఏ పూట? చివరి ఫోను ఎప్పుడు? చివరిగా డబ్బు ఎప్పుడు పంపాడు, ఏ ఖాతాకి? కర్మ రోజు ఎవరెవరు వచ్చారు? ప్రీమియం ఎవరు కట్టారు? వేరే కంపెనీల్లో పాలసీలున్నాయా? ఈ చివరిదాని జవాబు వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ద్వారా కంపెనీలు ఒకరి వివరాలు ఒకరు చూసుకుంటాయి. మీకు తెలియని ఇంకో పాలసీ ఉంటే ఆ రోజే బయటపడొచ్చు. అదిరిపడకండి, తెలియదని చెప్పండి.

వచ్చిన మనిషి పోలీసు కాదు. గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం అడిగి చూడండి, ఫోటో తీసుకోండి. జిరాక్సులివ్వండి, అసలు కాగితాలు ఇవ్వకండి. వాంగ్మూలం ఆయన రాసుకుంటే చదివి వినిపించమనండి, ఖాళీ ఉన్నచోట గీత కొట్టించి అప్పుడు సంతకం చేయండి, ఆ పేజీ ఫోటో మీ ఫోనులో ఉండాలి. "రిపోర్టు మంచిగా రాస్తా, ఇంత ఇవ్వండి" అంటే కంపెనీకి ఆ రోజే రాసేయండి. మరిది పక్కన కూర్చుంటానంటే, ఒంటరిగా మాట్లాడతానని వచ్చినాయనకి మీరే చెప్పొచ్చు, అందులో తప్పులేదు.

జైలు భయం గురించి. ఫారం మీద సంతకం పెట్టిన రోజు మీరు భర్త పోయాడని నమ్మారు, కర్మ కూడా చేశారు. నమ్మి పెట్టిన సంతకం మోసం కాదు. ఆ తర్వాత పిల్ల ఫోనుకి కాల్ వచ్చింది, అనుమానం పుట్టింది. అక్కడినుంచి మీరు చెప్పే ప్రతి మాటా వేరే లెక్కలోకి వస్తుంది. వచ్చే వారం మరిది నేర్పిన పాఠం అప్పజెబితే, అది నమ్మి చెప్పినది అనిపించుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మోసం కోసం దొంగ పత్రం సృష్టించడానికి 336 కింద ఏడేళ్ల దాకా. దొంగదని తెలిసి వాడినవాళ్లకి 340 కింద, సృష్టించినవాడితో సమానంగా. డబ్బు మీ పేర వస్తుంది, మీ ఖాతాలో పడుతుంది. తీసుకునేది మరిది, కాగితం మీద కనబడేది మీరు.

ఇంగ్లండ్‌లో డార్విన్ దంపతుల కేసు దీనికి బాగా దగ్గరగా ఉంటుంది. జాన్ డార్విన్ 2002 మార్చిలో పడవతో సముద్రంలోకి వెళ్లి మాయమయ్యాడు. భార్య ఆన్ బీమా డబ్బు తీసుకుంది, కన్న కొడుకులకి కూడా తండ్రి పోయాడనే చెప్పింది. చివరికి ఇద్దరూ పనామాలో ఇళ్ల ఏజెంటుతో కలిసి దిగిన ఫోటో 2007లో ఇంటర్నెట్‌లో బయటపడింది. 2008లో శిక్ష పడింది: భర్తకి ఆరేళ్ల మూడు నెలలు, భార్యకి ఆరున్నరేళ్లు. ఆయన నేరం ఒప్పుకున్నాడు. ఆమె భర్త బలవంతం మీద చేశానని వాదించింది, జ్యూరీ నమ్మలేదు. ఇంట్లోవాళ్లు బలవంతపెట్టారన్న మాట తర్వాత చెబితే కోర్టుల్లో నిలవడం కష్టం, ముందే కాగితం మీద ఉంటే తప్ప.

మీ ముందున్న దారులు చూద్దాం. మరిది చెప్పినట్టు చెప్పడం ఒకటి, దాని సంగతి పైన చెప్పాను. ఆయన నిజంగా పోయుంటే కూడా అది మీకు చేటే: గుండెపోటుతో పోయినా, ఏడాది దాటిన పాలసీలో ఆత్మహత్యకైనా, అసలు 50 లక్షలు రావాల్సినవే. పాతిక లక్షల రైడరు కోసం దొంగ కారణం చూపిస్తే మొత్తం క్లెయిమే తిరస్కరించే సాకు వాళ్ల చేతికి ఇచ్చినట్టు.

ఊరికే ఉండిపోవడం ఇంకోటి. వచ్చినాయనకి తలుపు తీయకపోవడం, ఒంట్లో బాగాలేదనడం. దీనివల్ల వారమో పది రోజులో గడుస్తుంది. కానీ మీ సంతకంతో ఉన్న క్లెయిము అలాగే బతికి ఉంటుంది, అనుమానం మీ మీదే పడుతుంది.

క్లెయిము పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు చేతులు మారకముందు వెనక్కి తీసుకుంటే కంపెనీకి నష్టం ఉండదు. అయినా దొంగ పత్రం పెట్టిన తప్పు చట్టం దృష్టిలో చెరిగిపోదు, కేసు పెట్టాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. పైగా ఆయన నిజంగా పోయుంటే, మీ చేత్తో మీరు పిల్ల డబ్బుకి అడ్డం వేసుకున్నట్టవుతుంది. అదే కదా మీ భయం.

అందుకే మధ్యలో ఒక దారి ఉంది, నాలుగు అవకాశాల్లో ఏది నిజమైనా మీకు నష్టం చేయనిది. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు కంపెనీకి రాసి, విచారణ మనిషి రాకముందే చేర్చడం. ఇలా రాయొచ్చు: "నా భర్త పేరు మీద ఉన్న ఈ పాలసీకి నామినీగా క్లెయిము ఫారం మీద నేను సంతకం చేశాను. మరణ వార్త, పత్రాలు మా మరిది ద్వారా నాకు అందాయి. వాటిని నేను స్వయంగా పరిశీలించలేదు. తర్వాత తెలిసిన కొన్ని విషయాల వల్ల పత్రాల మీద నాకు అనుమానం కలిగింది. కువైట్‌లోని భారత ఎంబసీకి నేను కూడా రాశాను, ఫిర్యాదు నంబరు ఇది. ఎంబసీ నుంచి ధ్రువీకరణ వచ్చేవరకు ఈ క్లెయిము మీద ఏ చెల్లింపూ చేయవద్దని కోరుతున్నాను. క్లెయిములో ఇచ్చిన బ్యాంకు ఖాతా క్లెయిము వేసిన నాటికి నా ఆధీనంలో లేదు." కింద తేదీ, సంతకం. స్పీడ్ పోస్టు రసీదు, ఈమెయిల్ కాపీ రెండూ ఉండాలి. "ఆయన బతికే ఉన్నాడు" అని రాయకండి, మీకు తెలిసింది ఒక దగ్గు మాత్రమే.

పంపేముందు ఒక వకీలుకి చూపించండి. ఫీజు గురించి వెనకాడాల్సిన పని లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పోలీసు ఫిర్యాదు ఇప్పుడే ఇవ్వాలా అన్నది కూడా ఆ వకీలుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఇస్తే మీకు రక్షణ గట్టిగా ఉంటుంది, కానీ ఒకసారి ఎఫ్ఐఆర్ అయ్యాక మరిది, ఒకవేళ మీ ఆయన కూడా, అందులోంచి మీరు అనుకున్నప్పుడు బయటికి రాలేరు. ఎంబసీ జవాబు వచ్చేదాకా ఆగడంలో తప్పు లేదంటాను. ఇంటికొచ్చి చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం ఆగకండి.

ఉత్తరం రాశాక క్లెయిము ఆలస్యమవుతుంది, అది ఖాయం. విచారణ అవసరమైన మరణ క్లెయిముని 45 రోజుల్లో తేల్చాలని 2024 నిబంధనలున్నాయి, కానీ మీరే ఆగమన్నారు కాబట్టి ఆ గడువు పట్టుకుని అడగలేరు. ఎంబసీ మరణాన్ని ధ్రువీకరించి, అప్పటికీ కంపెనీ ఇవ్వనంటే, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. క్లెయిము 75 లక్షలు కదా, జిల్లాలో తీసుకోరేమోనని కొందరు అంటారు. అక్కడ లెక్క చూసేది కట్టిన ప్రీమియాన్ని, రావాల్సిన సొమ్ముని కాదు. బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గర మాత్రం 50 లక్షల పరిమితి ఉంది.

కావలి బ్యాంకు పని ఉత్తరం కంటే ముందే చేయండి. ఆధార్, పాన్ తీసుకుని మీరే వెళ్లి, ఖాతాకి ఉన్న ఫోన్ నంబరు మార్పించండి, ఏటీఎం కార్డు ఆపించి కొత్తది అడగండి, పాసుబుక్కు మీ దగ్గర లేదని చెప్పి డూప్లికేటు తీసుకోండి, చెక్కుబుక్కు ఇచ్చారేమో కనుక్కోండి. నంబరు మారిన మెసేజ్ మరిది ఫోనుకి వెళ్లొచ్చు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో మీ అన్నో, నాన్నో ఉండేటట్టు చూసుకోండి. వితంతు పింఛను నెలకి నాలుగు వేలు వస్తుందని సచివాలయంలో చెప్పారని రాశారు. ఎంబసీ జవాబు వచ్చేదాకా దాని జోలికి పోకండి. ఆయన ఉన్నాడని తేలితే ఆ నాలుగు వేలు మీ మీద ఇంకో కేసు.

పొలం బెదిరింపుకి అంత విలువ ఇవ్వకండి. తాతముత్తాతల ఆస్తి అయితే 2005 సవరణ తర్వాత మీ కూతురికి పుట్టుకతోనే హక్కుంది, మరిది నోటిమాటతో అది పోదు. మామగారి స్వార్జితమైతే లెక్క వేరు, వకీలుకి కాగితాలు చూపించండి. ఈలోపు మీభూమి వెబ్‌సైట్‌లో మీ సర్వే నంబర్లకి 1బీ (పొలం ఎవరి పేరున ఉందో చూపే పత్రం) తీయించి చూడండి. అన్న "పోయాడు" కాబట్టి పేరు మార్పిడికి అర్జీ పెట్టారేమో. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీ సంతకం ఇప్పటికే తీసుకున్నారా అన్నది గుర్తుచేసుకోండి. బీమా కంపెనీని మోసం చేస్తున్నారని మీరనుకుంటున్నారు, ఆ మరణ పత్రంతో పొలం కూడా కదిలించొచ్చు.

ఇక ఆయనే ఫోన్ చేస్తే. కోప్పడకండి, ఏడిస్తే ఏడవండి గానీ, ముందు అడగాల్సింది ఒకటే: "నీ పేరు మీద బీమా క్లెయిము వేశారు, నీకు తెలుసా?" మొదట చెప్పిన నాలుగు అవకాశాల్లో మూడోదో నాలుగోదో ఆ జవాబులో తెలిసిపోతుంది. తెలియదంటే, పాస్‌పోర్టు పట్టుకుని ఎంబసీకి వెళ్లి తాను బతికున్నట్టు రాయించుకోమనండి. అకామా (అక్కడ ఉండటానికి అనుమతి) లేదని పట్టుకుంటారని భయపడతాడు. అకామా లేదన్న కారణంతో ఎంబసీ తన మనిషిని పోలీసులకి అప్పగించదని చెప్పండి. తెలుసంటే, "నేను కంపెనీకి రాసేశాను" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. ఎంత ఇస్తామన్నారు, ఎవరు చేయించారు అని ఫోనులో తవ్వకండి. నంబరు, తేదీ, సమయం ఒక పుస్తకంలో రాసుకోండి. పిల్ల ఫోనులో ఆ పాత కాల్ ఇంకా కనిపిస్తుంటే చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోనుకి పంపించుకోండి.